పరభృత్తు, పరభృతం

కోయిల మీద కూడా ఫిర్యాదులు చేస్తారని సింగపూరు వచ్చేదాకా నాకు తెలియదు. ఇక్కడ సూర్యుడు ఏడింటికి గానీ రాడు. కోయిల మాత్రం అయిదింటికే మొదలుపెడుతుంది. ఆ రెండు గంటలూ నిద్ర పట్టదని జనం పత్రికలకు ఉత్తరాలు రాస్తారు, ఆఫీసులకు ఫోన్లు చేస్తారు. కుర్రకారు దానికి ‘ఊవూ పక్షి’ అని పేరు పెట్టేశారు. వసంతమన్న రుతువే లేని ఊళ్లో దాన్ని ఏ రుతువుకు కట్టెయ్యాలో తెలియక, గోల చేసే వాటి ఖాతాలో వేసేశారు. మన కవులు వింటే ఏమయ్యేవారో!

విసుక్కోవటంలో కొంత న్యాయం లేకపోలేదు. ఈ ఊరికి కోయిల కూత పాతది కాదు. సింగపూరు పాత పక్షుల జాబితాల్లో కోయిల అరుదుగా వచ్చి పోయే వలసపక్షి. ఇక్కడే పిల్లల్ని పెంచుకుంటూ (పెంచుకుంటూ అనకూడదేమో, పెంచించుకుంటూ) స్థిరపడటం 1980లలో మొదలైంది. సింగపూరు తెలుగు సమాజం పుట్టింది 1975లో. అంటే ఈ దీవి మీద కోయిల కాపురం కన్నా మన సమాజానిదే ఎక్కువ వయసు.

కోయిల కాపురం పెట్టాలంటే ముందు కాకి రావాలి. కాకి ఎలా వచ్చిందన్నది పెద్ద కథ. దాన్ని నేను వెతుక్కుంటూ వెళ్లటానికి కారణం మా వంటింటి వెనక కిటికీ.

మేముండేది పాసిర్ రిస్‌లో. సింగపూరుకు తూర్పు కొస, ఆకుపచ్చ రైలు లైను ఆగిపోయే చోటు. రైలు 1989లో వచ్చింది. అంతకుముందు ఇది కంపోంగులూ కొబ్బరిచెట్లూ సముద్రపు గట్టూ ఉన్న ప్రాంతం. ఇప్పుడు అన్నీ ప్రభుత్వం కట్టిన ఫ్లాట్ల బ్లాకులు, వాటి అవతల సముద్రం ఒడ్డున పెద్ద పార్కు, పార్కు లోపల మిగిల్చి ఉంచిన మడ అడవి ముక్క. కెమెరాలు పట్టుకున్నవాళ్లు సాధారణంగా ఆ పార్కుకే వెళతారు. కొంగలు, గుడ్లగూబలు, ఈ దీవిలో నూరేళ్లకు పైగా కనిపించకుండా పోయి 1994లో పక్కనే ఉన్న పులావ్ ఉబిన్‌కు తిరిగొచ్చిన కొమ్ముముక్కు పిట్టలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. నాకు మాత్రం దొరికింది మా పెరట్లోనే. పెరడంటే పెరడు కాదు. మన పెరటికి ఇక్కడ మిగిలిన పేరు ‘సర్వీస్ యార్డు’. వంటింటి వెనక వాషింగ్ మెషీనూ, బట్టలారేసే కర్రలూ పట్టేంత చోటు, దానికో కిటికీ. మాది నాలుగో అంతస్తు. కిటికీ కింద ఒక పచ్చతురాయి చెట్టు, దాని తల సరిగ్గా మా కాళ్ల కిందికి వస్తుంది.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో ఆ చెట్టు పై కొమ్మల్లో కాకులు గూడు మొదలుపెట్టాయి. పుల్లలతో పాటు ఎవరి కర్ర మీదినుంచో ఎత్తుకొచ్చిన తీగ హ్యాంగరు ఒకటి అడుగున పెట్టాయి. పైనుంచి చూస్తే పళ్లెంలోకి చూసినట్టు గూడంతా కనిపించేది. ఇంతకన్నా మంచి చోటు డబ్బిచ్చినా దొరకదు. దక్షిణాదివాళ్ల పక్షుల మోజు చూసి నవ్వే మా పై అంతస్తు చైనీసు పెద్దాయన కూడా ఒకసారి వచ్చి చూసి, “కాకా? కాకిని ఎవరు ఫోటో తీస్తారు?” అని వెళ్లిపోయాడు.

ఇంగ్లండులో కియర్టన్ సోదరులు గుడ్లతో సహా పక్షిగూడును మొదటిసారి ఫోటో తీసింది 1892లో. తర్వాత వాళ్లు పక్షులు బెదరకుండా ఉండటానికి బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దూరి ఫోటోలు తీశారు. నాకు ఎద్దుబొమ్మ అవసరం రాలేదు, ఆరేసిన దుప్పటి సరిపోయింది. ఫ్లాషు వాడలేదు, కొమ్మ పక్కకు లాగలేదు. మంచి ఫోటో కోసం గూటి చుట్టూ ఆకులు తుంచేవాళ్లు ఈ దీవిలోనూ ఉన్నారు. ఆకులు పోతే ఎండ, ఎండ తగిలితే పిల్లలు చస్తాయి. దాని మీద ఇక్కడి పక్షిప్రేమికులకీ ఫోటోగ్రాఫర్లకీ మధ్య ఎప్పుడూ తగవే.

ఆ గూటిని చూస్తూ కూర్చుంటే తట్టిన ప్రశ్న ఒకటే. ఇది అచ్చం మా ఊరి కాకి. బూడిదరంగు మెడ, అదే వంకర చూపు. ఈ ప్రాంతపు అసలు కాకి బొంతకాకి, నల్లగా, లావుపాటి ముక్కుతో ఉంటుంది. మరి మన ఊరకాకి ఇంత దూరం ఎలా వచ్చింది?

కాఫీ కోసం వచ్చింది. 1890లలో మలయాలో సెలంగోర్ ప్రాంతంలో తెల్లదొరలు కాఫీ తోటలు వేశారు. ఆకులు తినే గొంగళిపురుగులు తోటల్ని పట్టుకున్నాయి. పురుగుల్ని కాకులు తింటాయి కదా అని, సిలోను నుంచి కాకుల్ని ఓడలో తెప్పించి క్లాంగ్ దగ్గర వదిలారు. 1900 దాటాక కూడా మరికొన్ని తెచ్చారు. కాకులు పురుగుల్ని ఎంతవరకు తిన్నాయో గానీ, ఆ లోపలే బ్రెజిల్ కాఫీ ధర పడగొట్టింది. తోటలు పీకి రబ్బరు వేశారు. రబ్బరు చెట్టుకు కాకితో పనిలేదు. కాకికి తిరిగి వెళ్లే టికెట్టు ఎవరూ కొనలేదు.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. ఆ తోటల్లోకి ఓడల్లో దిగినవి కాకులు మాత్రమే కాదు. నాగపట్నం నుంచీ మద్రాసు నుంచీ తమిళ కూలీలు, వాళ్లతో పాటు విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు. కాకినాడ నుంచి ఎక్కువమంది రంగూను వెళ్లేవారు. మలయాకు వెళ్లినవాళ్లు వాళ్లకన్నా తక్కువ, కానీ కింది పెరాక్‌లో బగాన్ డాటో వైపు కొబ్బరి తోటల్లో తెలుగు ఊళ్లే ఏర్పడ్డాయి. కంగాణీ వెళ్లి సొంత ఊళ్లో బంధువుల్ని కూడగట్టుకొచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలస ఆపింది. అప్పటికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు అక్కడే పాతుకుపోయారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. కూలీల్ని తెచ్చిన లెక్కకీ కాకుల్ని తెచ్చిన లెక్కకీ తోట దొర పుస్తకంలో పెద్ద తేడా ఉండి ఉండదు. రెండూ ఖర్చు కిందికే వస్తాయి.

(మాది కాకినాడ పక్క పల్లెటూరు. ఆ పేరులో కాకి నిజంగా ఉందో లేదో పండితులు తేల్చుకోవాలి, నాకు మాత్రం ఉందనే అనుకోవటం ఇష్టం.)

క్లాంగ్ కాకి చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. 1940ల చివరికి సింగపూరు రేవు దగ్గరా కాకులు కనిపించాయి. ఇవి ఓడలు దిగినవే అయివుండొచ్చు. ఊరకాకికి ఓడ ప్రయాణం కొత్తకాదు. జాంజిబారులో ఊరు శుభ్రం చేస్తాయని 1890లలోనే తెచ్చి వదిలారు. 1994లో రెండు కాకులు నెదర్లాండ్స్‌లో రేవు పక్కన దిగి అక్కడా కాపురం పెట్టాయి, వాటి సంతానాన్ని కాల్చి గానీ డచ్చివాళ్లు నిద్రపోలేదు. కెన్యా ప్రభుత్వం 2024లో పది లక్షల కాకుల్ని చంపుతామని ప్రకటించింది. ‘భారతీయ కాకి’ అని దాన్ని పేరు పెట్టి మరీ పిలుస్తారు అక్కడ. చదివినప్పుడు కాస్త గుచ్చుకుంటుంది.

సింగపూరు కూడా కాకిని కాల్చిన దేశమే. ఊరు పెరిగింది, తినుబండారాల దుకాణాలు పెరిగాయి, చెట్లు పెట్టారు, కాకులు విజృంభించాయి. 2000-01లో వేసిన అంచనా ప్రకారం ఈ చిన్న దీవి మీద లక్షకు పైగా కాకులు. గన్ క్లబ్ సభ్యుల్ని పిలిచి ఏళ్ల తరబడి కాల్పించారు. తుపాకి కూడా పెట్టుకోనివ్వని దేశంలో ఫ్లాట్ల మధ్య పట్టపగలు తుపాకులు పేలటం ఒక్క కాకి కోసమే జరిగింది. జనం భద్రత కోసం 2020లో కాల్పులు ఆపేశారు. ఇప్పుడు బోనులు పెట్టి పట్టుకోవటం, గూళ్లు తీసెయ్యటం, చెత్తబుట్టలు మూసి ఉంచటం.

గోరింకలదీ ఇలాంటి కథే గానీ పొట్టిది. మన గోరింక ద్వీపకల్పం మీదుగా తనంతట తాను నడుచుకుంటూ 1930లలో ఇక్కడికి వచ్చింది. అంతకు పదేళ్ల ముందే పంజరాల వ్యాపారంలో జావా గోరింక దిగింది, ఇప్పుడు ప్రతి ఫుడ్ కోర్టులో మన పళ్లెంలోంచి నూడుల్స్ లాగేది ఆ జావావాడే. సొంత జావాలో మాత్రం పంజరాలకు పట్టీ పట్టీ అది అంతరించే దారిలో ఉంది. పరాయి ఊళ్లో పీడ, సొంత ఊళ్లో కరువు.

సరే, కిటికీ దగ్గరికి.

గూట్లో నాలుగు గుడ్లు పడ్డాయి. నీలం కలిసిన ఆకుపచ్చ రంగు, మీద గోధుమరంగు చుక్కలు. ఒకనాటి పొద్దున మగకోయిల వచ్చి పక్క కొమ్మ మీద కూర్చుంది. నల్లని నలుపు, ఎర్రటి కళ్లు. కూర్చుని ఊరుకోలేదు, కాకులు వినేట్టు అరిచింది. కాకులు రెండూ లేచి దాన్ని తరుముకుంటూ బ్లాకు అవతలికి పోయాయి. ఆ సందులో చుక్కలచుక్కల ఆడకోయిల ఆకుల్లోంచి వచ్చి గూట్లో వాలింది, లేచిపోయింది. పది సెకన్లు పట్టిందో లేదో. నా దగ్గరున్న ఫోటోలో గూడు అంచు, మసకగా ఒక తోక మాత్రమే ఉన్నాయి. సాయంత్రం లెక్కపెడితే గుడ్లు అయిదు. కొత్తది రవ్వంత చిన్నది. రంగు మాత్రం, నేను కాకినైతే, అనుమానించను.

ఈ మోసాన్ని మనవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. అమరకోశం తీసి చూడండి. కోయిల పేర్లలో ‘పరభృతం’ ఉంది, పరులు పెంచినది అని. కాకి పేర్లలో ‘పరభృత్తు’ ఉంది, పరుల్ని పెంచేది అని. కొసన చిన్న తేడా, పెట్టినవాళ్లకీ తిన్నవాళ్లకీ మధ్య ఉన్న తేడా అంతా అందులోనే ఉంది. నిఘంటువు రాసినాయన ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏ వ్యాఖ్యా చేయలేదు, శ్లోకం పూర్తిచేసుకుని ముందుకెళ్లిపోయాడు. కాకికి ఇంకో పేరు ‘ఆత్మఘోషం’, తన పేరు తానే అరుచుకునేది. ఇంకొకటి ‘బలిపుష్టం’, మనం పెట్టే బలిముద్దతో బతికేది. నాలుగు పేర్లతో జీవితచరిత్ర అయిపోయింది.

శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు నిండు సభలో శకుంతలను దులిపేస్తూ ఈ కోయిల మాటే తెస్తాడు. ఆడకోయిలలు పిల్లలకు రెక్కలొచ్చేదాకా వేరే పక్షులతో పెంచిస్తాయి కదా, ఆడజాతికి జిత్తులు పుట్టుకతోనే వస్తాయి అని. చిన్నప్పుడు అది రాజుగారి కోపంగానే కనిపించింది. మేనక వదిలేసిపోతే పక్షులు కాపాడిన పిల్ల కాబట్టే ఆమె శకుంతల అయిందనీ, ఆమెతోనే ఆ మాట అంటున్నాడనీ గుర్తొస్తే, ఆ పోలిక ఎక్కడ తగులుతుందో అర్థమవుతుంది. కాళిదాసు ఊరికే వాడలేదు.

మన నాటకాలకు తెలిసిన సంగతిని తెల్లవాళ్లు మళ్లీ మొదటినుంచీ పరీక్షించుకున్నారు. ఐరోపా కోకిలపిల్ల కళ్లు తెరవకముందే తక్కిన గుడ్లనీ పిల్లల్నీ వీపు మీద ఎత్తి గూట్లోంచి తోసేస్తుందని 1788లో రాసింది ఎడ్వర్డ్ జెన్నర్. మశూచి టీకా కనిపెట్టినాయనే. మన దేశంలో డగ్లస్ డ్యూయర్ అనే ఐ.సి.ఎస్. అధికారి 1900ల తొలినాళ్లలో కాకుల గూళ్లలో వేరే గుడ్లు పెట్టి, కాకి దేన్ని ఒప్పుకుంటుందో చూశాడు. మనుషుల్ని ఏమార్చటంలో పేరుపొందిన కాకి, గుడ్ల దగ్గర మాత్రం ఉత్త అమాయకురాలని తేలింది.

మన కోయిలపిల్ల జెన్నర్ చెప్పినంత దుర్మార్గం చేయదు. సాధారణంగా ఎవర్నీ తోయదు. కాకి గుడ్డు కన్నా దాని గుడ్డు మూడు నాలుగు రోజులు ముందే పగులుతుంది, అదొక్కటే దాని బలం. మా గూట్లో కూడా అంతే జరిగింది. మొదట ఒక పిల్ల, నోరు తప్ప ఏమీ లేనిది. మూడు రోజులకు ఇంకో రెండు. మిగతా రెండు గుడ్లు పగల్లేదు. ఆలస్యంగా పుట్టిన కాకిపిల్లల్లో చిన్నది వారం తిరక్కుండానే కదలటం మానేసింది. తల్లికాకి దాన్ని ముక్కుతో రెండుసార్లు కదిపి చూసి, మూడోసారి ఎత్తుకుపోయింది. అది ఎక్కడ వేసిందో కనబడలేదు.

మిగిలినవి రెండు. ఒకటి కాకిది, ఒకటి కాదు. రెండూ నల్లగానే ఉన్నాయి. తేడా తెలుసుకోవటానికి నాకు ఫోటోలు పెద్దవి చేసి ముక్కులు పోల్చుకోవాల్సి వచ్చింది. పెద్దలిద్దరూ తెచ్చిన ప్రతి ముద్దా ముందు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు. కోయిలపిల్లే గట్టిగా అరిచేది. అలా అని కాకిపిల్ల మాడిపోలేదు, దాని వంతు దానికి దొరికింది. పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేను లెక్క రాసుకున్నాను. ఒకరోజు ఆ గంటలో పదకొండుసార్లు మేత తెచ్చాయి, అందులో ఏడు కోయిలపిల్లకు పడ్డాయి. తెచ్చినవాటిలో బల్లి, ఏదో పురుగు, మెత్తటి అన్నం, ఒకసారి ఎవరో పారేసిన రొయ్య తల. ఎదిగిన కోయిల పళ్లు తినే పిట్ట. దాని బాల్యమంతా రొయ్య తలల మీద గడవటం దానికి తర్వాత గుర్తుంటుందా?

‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అంటాం. నేను చూసినంతలో కాకికి నోరు తెరిచిన పిల్ల ముద్దు.

గూట్లో పిల్లలున్న కాకి కింద నడిచేవాళ్లను ఊరికే పోనివ్వదు. మా బ్లాకు కింద నుంచి బడికి వెళ్లే పిల్లల్ని తల మీద తన్నటం మొదలుపెట్టింది. మూడో అంతస్తు మలయ్ ఆవిడ, మేమంతా మక్‌చిక్ అంటాం, మనవణ్ణి గొడుగు కింద దించి రావాల్సి వచ్చేది. ఒకరోజు వాడి నుదుటి మీద గీరుకుపోయి నెత్తురొచ్చింది. లిఫ్టులో కనిపించి, “నువ్వు రోజూ దాన్ని ఫోటో తీస్తున్నావట కదా,” అంది. కోపంగా కాదు. “ఎన్నాళ్లకు ఎగిరిపోతాయి?” అని అడిగింది. రెండు వారాలు పట్టొచ్చన్నాను. ఆవిడ తలూపింది. రెండు వారాలు ఆగటం ఆవిడకు కుదిరే పని కాదు, నేనూ ఆగమని అడగలేదు. నెత్తురు కారింది మా ఇంటి పిల్లవాడికైతే నేనూ ఫోను ఎత్తేవాణ్ణే.

మనుషులు నిచ్చెన లారీతో వచ్చింది బుధవారం. అంతకు రెండు రోజుల ముందు కోయిలపిల్ల గూడు దాటి కొమ్మ మీదికి, కొమ్మ మీంచి పక్క చెట్టుకూ చేరింది. కాకిపిల్ల ఇంకా గూట్లోనే ఉంది, దానికి ఇంకో వారమైనా కావాలి. కొమ్మ కోశారు, గూడు సంచిలో వేశారు, పదిహేను నిమిషాల పని. వచ్చిన కుర్రాళ్లలో ఒకడు కడలూరు అబ్బాయి. సంచి మూతి బిగించే ముందు లోపలికి ఒకసారి చూసి, పైన నన్ను చూసి, తల దించుకున్నాడు. కాకులు రెండూ లారీ చుట్టూ గంటసేపు తిరిగి అరిచాయి. బ్లాకుల మీది కాకులన్నీ వచ్చి చేరాయి. అప్పుడు నేను ఫోటోలు తీయలేదు.

మర్నాడు పొద్దున ఎదురు బ్లాకు పిట్టగోడ మీద కోయిలపిల్ల రెక్కలాడిస్తూ అరుస్తోంది. అదే అరుపు, గూట్లో అరిచినదే. కాసేపటికి కాకి వచ్చింది. నోట్లో ఏదో ఉంది, వాలి, దాని గొంతులో పెట్టింది. నా దగ్గరున్న వాటిలో బాగా వచ్చిన ఫోటో అది. వెలుతురు పక్కనుంచి పడుతోంది, పిల్ల నోరు ఎర్రగా, కాకి మెడ బూడిదరంగుగా, వెనక బట్టలు ఆరేసిన కర్రలు. ఆ పిట్టగోడ మీద దాన్ని ఆ రెండు కాకులూ పదహారు రోజులు మేపాయి. కోయిలపిల్ల గూడు వదిలాక కూడా కాకులు రెండు మూడు వారాలు మేపటం మామూలేనని పుస్తకాల్లో ఉంది. తమ పిల్ల పోయినందువల్ల దీన్ని ఎక్కువ మేపాయనటానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. మక్‌చిక్‌కు ఫోనులో ఆ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, మలయ్‌లో ఏదో అనుకుని, నాకు కూడా పంపించమంది.

సింగపూరులో ఇప్పుడు కాకులు తగ్గాయి, కోయిలలు మాత్రం తగ్గినట్టు చెవులకు తెలియదు. కాకుల్ని తగ్గించే పనిలో కోయిల కూడా ఒక చెయ్యి వేస్తోందని, కాబట్టి దాని అరుపు భరించమని ఇక్కడి పక్షులవాళ్లు ఫిర్యాదుదారులకు చెబుతుంటారు. గన్ క్లబ్బుకన్నా చవక.

ఆ పదహారు రోజులూ అమ్మకు రోజుకో ఫోటో పంపాను. ఆవిడ మా ఊళ్లో ఇప్పటికీ పొద్దున అన్నం వండగానే గోడ మీద కాకికి ఒక ముద్ద పెట్టి గానీ కంచం ముందు కూర్చోదు. నాన్న పోయాక ఆ ముద్ద కొంచెం పెద్దదైంది. కాకిపిల్లను సంచిలో తీసుకుపోయిన సంగతి ఆవిడకు చెప్పలేదు. రోజూ ఫోను ఎత్తగానే, “ఇవాళ కూడా అదే పెట్టిందా?” అని అడిగేది. “పెట్టిందమ్మా” అనేవాణ్ణి. పదిహేడో రోజు పిట్టగోడ ఖాళీగా ఉంది. చెప్పాను. “వెళ్లిపోయిందా,” అని, కాసేపు ఆగి, “కాకులు ఇంకా వస్తున్నాయా అక్కడికి?” అంది. వస్తున్నాయన్నాను. “అయితే ఏదన్నా పెట్టరా వాటికి,” అంది. ఇక్కడ పక్షులకు తిండి పెడితే జరిమానా వేస్తారు, 2020 నుంచి చట్టం ఇంకా గట్టిది. ఆ మాట అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పటానికి ఆ పూటంతా పట్టింది.